ఇందూరు సీమలో క్రైస్తవ సంఘాలు: కష్టకాలాల చరిత్ర

ఇందూరు, అంటే నేటి నిజామాబాదు జిల్లాలోని ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఎక్కువ వాటికి మూలం వెస్లియన్ మెథడిస్టు మిషన్. విలియం బర్జెస్ 1880 ప్రాంతంలో హైదరాబాదు, సికింద్రాబాదుల్లో మొదలుపెట్టిన ఈ మిషన్, పంతొమ్మిదో శతాబ్దం ముగిసేలోపు మెదక్ వైపు, ఆ తర్వాత ఉత్తరాన ఇందూరు వైపు పాకింది. సికింద్రాబాదు నుంచి మన్మాడుకు వేసిన గోదావరి లోయ రైలు మార్గం 1900 ప్రాంతంలో కామారెడ్డి, డిచ్‌పల్లి, నిజామాబాదుల మీదుగా నడవడం మొదలయ్యాక మిషనరీల రాకపోకలకు దారి సుగమమైంది. కానీ సంఘాలు కట్టింది రైలు దిగిన దొరలు కారు. వాడల్లో కాపురమున్న ఉపదేశులు.

ఈ సంగతి ముందుగా గుర్తుంచుకోకపోతే తర్వాతి చరిత్ర అర్థం కాదు. ఒక్క పాస్టరు కింద పదుల ఊళ్లు ఉండేవి. ఆయన వచ్చి ప్రభు సంస్కారం ఇచ్చేది ఏడాదిలో కొన్నిసార్లే. మిగతా రోజుల్లో ఆరాధన నడపడం, రోగి మంచం పక్కన ప్రార్థన చేయడం, చనిపోయిన వాళ్లను సాగనంపడం, రాత్రి బడిలో అక్షరాలు దిద్దించడం అన్నీ ఉపదేశి పనే. సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. పగలంతా దొరల పొలాల్లో కూలి, పిలిచినప్పుడల్లా వెట్టి. కాబట్టి కూడిక రాత్రి భోజనాల తర్వాతే జరిగేది. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. తెలుగు బడులు అరుదు. అలాంటి చోట బైబిలు చదవడం నేర్చుకోవడమంటే చదవడమే నేర్చుకోవడం. బాప్తిస్మం రిజిస్టరులో పేరు రాయించుకోవడం చాలా కుటుంబాలకు మొదటిసారిగా ఒక కాగితం మీదికి ఎక్కడం. ధైర్యం అనే మాటకు ఈ ఊళ్లలో అర్థం అక్కడి నుంచే మొదలవుతుంది.

కరువు తెలుగు క్రైస్తవ చరిత్రలో పదే పదే వచ్చే అధ్యాయం. 1876–78 నాటి మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక, 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మెదక్‌లో వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కూడా దాదాపు ఇదే పద్ధతి అనుసరించాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు కరువులో జనానికి పని చూపించడానికి కెథడ్రల్ నిర్మాణం చేపట్టాడు. 1914లో మొదలైన ఆ కట్టడాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతాల కుటుంబాలు నేటికీ క్రిస్మస్‌కు, ఈస్టరుకు మెదక్ వెళ్తుంటాయి. 'కరువు క్రైస్తవులు' అన్న ఎత్తిపొడుపు మాత్రం ఆగలేదు. కరువు తీరాక కూడా, ఊరి కట్టుబాట్ల ఒత్తిడి వచ్చిన చోట కూడా, వాళ్లు సంఘాన్ని వదలకపోవడమే దానికి జవాబు.

ఇందూరు సీమలో సంఘం తన విశ్వాసాన్ని నిజంగా పరీక్షకు పెట్టుకున్న చోటు డిచ్‌పల్లి. జనం 'పెద్ద రోగం' అని పేరెత్తడానికి కూడా జంకే కుష్టు వ్యాధి ఆ రోజుల్లో ఊరి నుంచే కాదు, ఇంటి నుంచి కూడా మనిషిని వెళ్లగొట్టేది. 1898 నాటి బ్రిటిష్ ఇండియా చట్టం కుష్టు ఉన్న బిచ్చగాళ్లను పట్టి ఆశ్రమాల్లో పెట్టే అధికారం ఇచ్చింది. నిజాం రాజ్యంలో వారికి సరైన వైద్యమే లేదు. స్కాట్లండులో 1875లో పుట్టి, అబర్డీన్ విశ్వవిద్యాలయంలో 1903లో వైద్యపట్టా పొందిన ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్ 1907లో హైదరాబాదు రాజ్యానికి వచ్చారు. 1911లో నిజామాబాదులో కుష్టు రోగుల కోసం చిన్న ఏర్పాటు చేశారు. తలుపు తీయగానే అది చాలదని తేలిపోయింది. నిజామాబాదు పట్టణానికి దాదాపు 15 కిలోమీటర్ల దూరంలోని డిచ్‌పల్లిలో 1915లో విక్టోరియా ఆసుపత్రి తెరవగలగడానికి ఆధారం రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళం. ఆయన హిందువు. ఈ ఆసుపత్రి చరిత్రను మిషన్ కథగా మాత్రమే చెప్పేవారు ఆయన పేరును ఒక్క వాక్యంలో దాటేస్తారు. అది న్యాయం కాదు. ఊరు వెలివేసిన మనిషికి పడక వేయడానికి ఒక హిందూ దాత, ఒక క్రైస్తవ వైద్యురాలు ఒకచోట కలిశారు. ఆ పడక మీద పడుకున్నవారిలో అన్ని మతాల వాళ్లూ ఉన్నారు.

మొదట్లో వైద్యం పేరుకే. చాల్‌ముగ్ర నూనె శతాబ్దాలుగా వాడుకలో ఉన్నదే కానీ తాగితే వాంతి, పూస్తే గుణం తక్కువ. కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ ఆ నూనె నుంచి సూదిమందు తయారుచేసే పద్ధతులు మెరుగుపరిచాక 1920ల్లో పరిస్థితి మారింది. ఇసబెల్ కెర్ ఆ చికిత్సను డిచ్‌పల్లిలో అమలు చేసి, ఇతర వైద్యులకు కూడా నేర్పింది. నెలల తరబడి వారం వారం నొప్పి పెట్టే సూదులు. అయినా మొదటిసారి కొందరు మచ్చలు తగ్గి ఇంటికి తిరిగి వెళ్లారు. ఆశ్రమానికీ ఆసుపత్రికీ ఉన్న తేడా ఇదే: ఆశ్రమంలోకి వచ్చినవాడు అక్కడే చనిపోతాడు, ఆసుపత్రికి వచ్చినవాడు ఒకనాడు తిరిగి వెళ్తాడు. డిచ్‌పల్లి పేరులో మొదటి నుంచీ 'ఆసుపత్రి' అన్న మాట ఉండటం ఆ లెక్కన చిన్న విషయం కాదు. 1923లో కెర్ దంపతులిద్దరికీ కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. ఇసబెల్ 1932లో మరణించింది.

ఆమె పోయాక పని ఆగలేదు. డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టర్ జాన్ లో తర్వాత కలకత్తాలో కుష్టు పరిశోధన సాగించాడు. అక్కడి నుంచి నైజీరియాలోని ఉజువాకోలికి వెళ్లి, 1940ల చివర డాప్సోన్‌ను నోటిమాత్రగా ఇచ్చి చూసిన తొలి వైద్యుల్లో ఒకడయ్యాడు. చవకైన ఆ మాత్ర సూదుల కాలాన్ని ముగించింది. అదే ఉజువాకోలిలో ఏళ్లు గడిపిన డాక్టర్ ఫ్రాంక్ డేవీ ఎదురు దారిలో డిచ్‌పల్లికి వచ్చాడు. ఇక్కడి రోగుల మీద జరిపి, ఆర్. జె. డబ్ల్యు. రీస్‌తో కలిసి 1974లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స అందని రోగుల ముక్కు స్రావాల్లో వ్యాధి క్రిములు ఎంత పెద్ద సంఖ్యలో బయటికి వస్తాయో చూపాడు. ఒళ్లు తాకితేనే అంటుకుంటుందని తరతరాలుగా నమ్మి మనుషుల్ని దూరం పెట్టిన లోకానికి ఆ ఫలితం చెప్పిన సంగతి చిన్నది కాదు. నిజామాబాదు పక్కన ఒక పల్లె ఆసుపత్రి ప్రపంచ వైద్యశాస్త్రంలో ఇంత చోటు సంపాదించుకుందని జిల్లాలో తెలిసినవారు తక్కువ.

ఈ మధ్యలో రాజ్యాలు మారాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మెథడిస్టు, ఆంగ్లికన్, ఇతర సంఘాలు అందులో కలిసిపోయాయి. మెదక్ అధ్యక్ష మండలం ఏర్పడి ఫ్రాంక్ విటాకర్ మొదటి బిషప్ అయ్యాడు. నిజామాబాదు సంఘాలు ఆ మండలంలోకి వచ్చాయి. విచిత్రమేమంటే అప్పటికి హైదరాబాదు రాజ్యం ఇంకా భారతదేశంలో కలవలేదు. సంఘం దేశంతో ఏకమైన దాదాపు ఏడాదికి, రజాకార్ల అలజడి అంతా దాటాక, 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు.

స్వతంత్ర దేశం ఈ సంఘాలకు తెచ్చిన మొదటి పెద్ద దెబ్బ ఒక కాగితం రూపంలో వచ్చింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కాని దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా వర్తించదు. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు దొరికింది. క్రైస్తవులకు, ముస్లింలకు దొరకలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన షెడ్యూల్డ్ కులాలవారిని బి.సి.-సి లో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. వాడ ఒకటే, బావి ఒకటే, వివక్ష ఒకటే. సర్టిఫికెట్లు మాత్రం వేరు. బడిలో ఒక పేరు, సంఘంలో ఒక పేరు పెట్టుకుని బతికే కుటుంబాలు ఈ చట్టం చేసిన సృష్టే. సంఘాలు దీని మీద దశాబ్దాలుగా వినతులు ఇస్తున్నాయి, కేసులు నడుపుతున్నాయి. ఇదే ప్రాంతం మీద అధికారమున్న హైదరాబాదు కతోలిక అగ్రపీఠానికి చెందిన పూల ఆంతోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయనే. హోదా విషయంలో చట్టం మాత్రం మారలేదు.

జిల్లాలోని బోధన్ కథ వేరు. మంజీర నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయాన్ని దాదాపు 2.75 లక్షల ఎకరాలకు నీరిచ్చేలా కట్టారు. కాలువ నీళ్ల వెంట కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొన్నారు. బోధన్, వర్ని, కోటగిరి వైపు 'క్యాంపు' అన్న తోకతో ఉన్న ఊళ్లన్నీ ఆ వలస గుర్తులు. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ కాలనీ పెరిగింది. ఆసియాలోనే అతి పెద్ద చక్కెర మిల్లు అని ఒకప్పుడు చెప్పుకున్నారు. వాడల్లో వెట్టి చేసిన కుటుంబాల పిల్లలకు నెల జీతం, క్వార్టరు, ఆసుపత్రి, బడి అన్నవి దొరికే చోటు అది. మెథడిస్టు పునాది ఉన్న తెలంగాణ సంఘాల పక్కకు గుంటూరు లూథరన్, ఒంగోలు బాప్టిస్టు అలవాట్లతో వచ్చిన కుటుంబాలు కూడా చేరాయి. ఒకే పాట రెండు రాగాల్లో పాడిన రోజులు ఉండే ఉంటాయి. చెరకు క్రషింగు చలికాలంలో సాగేది కాబట్టి క్రిస్మస్ ఎప్పుడూ షిఫ్టుల మధ్యే వచ్చేది. పంట పండుగకు చెరకు గడలు, వడ్ల బస్తాలు, కోళ్లు బలిపీఠం ముందు పెట్టి వేలం వేసి, వచ్చిన సొమ్ము సంఘ ఖర్చులకు వాడటం తెలుగు సంఘాలన్నిటికీ తెలిసిన ఆచారమే.

ఫ్యాక్టరీ కూలడం ఒక్కరోజులో జరగలేదు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థకు వెళ్లింది. కార్మికుల సంఖ్య కుదించుకుపోతూ వచ్చింది. చెరకు వేసిన రైతులు వరికి మళ్లారు. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ యూనిట్లలోనూ లే-ఆఫ్ ప్రకటించారు. క్రిస్మస్ నెలలో జీతాలు ఆగిన ఇళ్లలో అన్ని మతాల వాళ్లూ ఉన్నారు. సంఘం ఫ్యాక్టరీని తెరిపించలేదు. అది దాని చేతిలో పని కాదు. దాని చేతిలో ఉన్న పరికరాలు పాతవే: ఇంటింటి ప్రార్థన కూడిక, శ్రమకాలపు శుక్రవారాలు, ఉపవాస కూటాలు, ఆదివారం లేచి నిలబడి చెప్పే సాక్ష్యం. బయటివారికి సాక్ష్యం అంటే భక్తి ప్రదర్శనగా కనిపించవచ్చు. నిజానికి అప్పు, జబ్బు, కొలువు పోవడం, కొడుకు తాగుడు లాంటివి సిగ్గుపడకుండా పదిమందిలో చెప్పుకోవడానికి పేదవాడికి దొరికే కొద్ది చోట్లలో అదొకటి. చెప్పగానే ఇద్దరు ముగ్గురు ఆ ఇంటికి బియ్యంతో వెళ్తారు. వంట చేసేటప్పుడు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి సంఘానికి ఇచ్చే అలవాటు తెలుగు క్రైస్తవ స్త్రీలది. మిషన్ డబ్బు తగ్గిపోయిన రోజుల్లో చాలా ఊళ్ల సంఘాలను నిలబెట్టింది పెద్ద దాతల చెక్కులకన్నా ఈ పిడికిళ్లే. స్త్రీల మైత్రి కూడికల ప్రాముఖ్యాన్ని సంఘ చరిత్రలు తక్కువ చేసి చూపాయనడంలో సందేహం లేదు.

పనులు లేని చోట మగవాళ్లు గల్ఫ్ బాట పట్టారు. ఆడవాళ్లు బీడీ చాటలు ముందేసుకున్నారు. 1970ల నుంచి నిజామాబాదు, జగిత్యాల, కరీంనగర్ పల్లెలు దుబాయి, మస్కటు, సౌదీలకు మనుషుల్ని పంపుతూనే ఉన్నాయి. దుబాయి వంటి గల్ఫ్ నగరాల్లో తెలుగు ఆరాధనలు ఆదివారం కాకుండా శుక్రవారం జరగడం రివాజైంది, సెలవు ఆ రోజే కనుక. 2022లో ఎమిరేట్స్ వారాంతపు సెలవును మార్చేదాకా ఇంటి సంఘానికీ వలస సంఘానికీ వారాలే వేరుగా నడిచాయి.

2020 మార్చి చివర లాక్‌డౌన్ పడింది. ఏప్రిల్ 12 ఈస్టరుకు గుళ్లు మూసే ఉన్నాయి. జూన్ 8న ప్రార్థనా స్థలాలు తెరుచుకున్నాయి. కుటుంబ ప్రార్థన అలవాటున్న ఇళ్లకు ఆ రెండున్నర నెలలు కష్టంగానే గడిచినా కొత్తగా తోచలేదు. పాస్టరు రాని వారాలు ఈ సంఘాలకు నూరేళ్లుగా తెలిసినవే. డిచ్‌పల్లి పోరాడిన రోగం విషయంలోనూ అంతకు ముందటి కొన్నేళ్లలో రెండు మార్పులు జరిగాయి: 1898 నాటి చట్టం 2016లో రద్దయింది, కుష్టును విడాకులకు కారణంగా చూపే వీలును పార్లమెంటు 2019లో తీసేసింది.

ఈ చరిత్రలో రాయాల్సింది ఇంకా చాలా మిగిలి ఉంది. మెథడిస్టు మిషనరీల ఉత్తరాలు, నివేదికలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఉపదేశుల పేర్లు, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల లెక్కలు మాత్రం ఇక్కడి పాస్టరేట్ల రిజిస్టర్లలోనే ఉంటాయి. చెదలు పట్టకముందే వాటిని స్కాన్ చేయించి ఒక ప్రతి మెదక్‌లోనో హైదరాబాదులోనో దాచే పని సంఘ పెద్దలు ఇప్పుడే చేపట్టాలి.