ఇయన్ హోమ్

ఇయన్ హోమ్ (1931 సెప్టెంబరు 12 – 2020 జూన్ 19) బ్రిటిష్ నటుడు. నాటకం, సినిమా, టెలివిజన్, రేడియో నాలుగింటిలోనూ అగ్రశ్రేణి నటుడిగా నిలిచాడు. ఎసెక్స్‌లోని గుడ్‌మేయస్‌లో పుట్టాడు. తండ్రి మానసిక వైద్యుడు. లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో నటన నేర్చుకుని, 1954లో స్ట్రాట్‌ఫర్డ్‌లోని షేక్‌స్పియర్ మెమోరియల్ థియేటర్లో చిన్న చిన్న వేషాలతో మొదలుపెట్టాడు. అదే తర్వాత రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ అయింది.

పొట్టి మనిషి. రాజవేషాలకు ఆజానుబాహులే కావాలన్న అలవాటును అతను తన పనితోనే తోసిపుచ్చాడు. 1960ల తొలి సగంలో అదే సంస్థలో మూడవ రిచర్డ్‌గా, అయిదవ హెన్రీగా వేశాడు. 1965లో హెరాల్డ్ పింటర్ రాసిన 'ది హోమ్‌కమింగ్'లో లెన్నీ పాత్ర పేరు తెచ్చింది. పింటర్ సంభాషణల్లో మాటకు ఎంత బరువో మౌనానికీ అంతే బరువు. ఆ మౌనాన్ని బెదిరింపుగా మార్చడం హోమ్‌కు చాతనయినట్టు బహుకొద్దిమందికే చాతనయింది. అదే నాటకం బ్రాడ్‌వేకు వెళ్ళినప్పుడు, 1967లో టోనీ అవార్డు వచ్చింది.

1976లో యూజీన్ ఓనీల్ నాటకం 'ది ఐస్‌మన్ కమెత్' ప్రివ్యూల సమయంలో తీవ్రమైన వేదిక భయం అతన్ని పట్టుకుంది. పాత్ర వదిలేశాడు. ఆ తర్వాత పదిహేనేళ్ళకు పైగా రంగస్థలానికి దాదాపు దూరంగానే ఉన్నాడు. నాటకరంగానికి అది పెద్ద లోటే, కానీ అతని సినిమా జీవితం ఊపందుకున్నది ఆ కాలంలోనే. 'ఏలియన్' (1979)లో ఓడ సిబ్బందిలో ఒకడైన యాష్ పాత్ర వేశాడు. అతను మనిషి కాదు, యంత్రమని తేలే దాకా ఎక్కడా అతి చెయ్యకుండా, చూపులో కొద్దిపాటి తేడాతోనే అనుమానాన్ని నాటాడు. 2024లో వచ్చిన 'ఏలియన్: రోములస్'లో కుటుంబం అనుమతితో అతని ముఖాన్ని సాంకేతికంగా తిరిగి సృష్టించారు.

'చారియట్స్ ఆఫ్ ఫైర్' (1981)లో పరుగు శిక్షకుడు శామ్ ముసాబినిగా వేశాడు. శిష్యుడు ఒలింపిక్స్‌లో గెలిచిన సంగతి స్టేడియం బయట గదిలో ఉండి, జాతీయ గీతం వినిపించడం వల్ల తెలుసుకుంటాడు. ఆనందం పట్టలేక తన టోపీని పిడికిలితో గుద్ది చింపేస్తాడు. తెర మీద అతని ఉత్తమ ఘట్టం ఇదే అనవచ్చు. ఆ పాత్రకు ఆస్కార్ నామినేషన్, బాఫ్టా అవార్డు లభించాయి.

అదే ఏడాది బీబీసీ రేడియో 4 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'ను 26 భాగాల నాటకంగా ప్రసారం చేసింది. అందులో ఫ్రోడో గొంతు హోమ్‌దే. ఉంగరం బరువు పెరిగేకొద్దీ ఆ పాత్ర అలిసిపోవడాన్ని ఊపిరితోనూ మాట విరుపుతోనూ వినిపించాడు. ఇరవై ఏళ్ళకు, పీటర్ జాక్సన్ సినిమాల్లో ఫ్రోడో పెద్దదిక్కు బిల్బోగా కనిపించాడు. 2007లో వచ్చిన యానిమేషన్ చిత్రం 'రాటటూయీ'లో దురాశాపరుడైన వంటశాల యజమాని స్కిన్నర్‌కు గొంతునిచ్చాడు.

వేదిక మీదికి 1993లో మళ్ళీ పింటర్ నాటకంతోనే, 'మూన్‌లైట్'తో వచ్చాడు. 1997లో నేషనల్ థియేటర్లో లియర్ రాజుగా వేశాడు. తుఫాను రంగంలో ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబడ్డాడు. ఒకప్పుడు వేదికను చూసి బెదిరిన నటుడు చేసిన సాహసం అది. ఆ పాత్రకు ఒలివియే అవార్డు, మరుసటి ఏడు 'సర్' బిరుదు అందాయి. పార్కిన్సన్ వ్యాధి వచ్చాక 'హాబిట్' చిత్రాల కోసం న్యూజిలాండ్ వెళ్ళలేకపోతే, అతని సన్నివేశాలను ఇంగ్లండ్‌లోనే తీశారు. 88వ ఏట లండన్‌లో మరణించాడు.