బోస్నియా యుద్ధం (1992–1995)

యుగోస్లావియా సమాఖ్య విచ్ఛిన్నమైనప్పుడు బోస్నియా–హెర్జెగోవినాలో జరిగిన అంతర్యుద్ధం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఐరోపా చూసిన ఘోర మారణకాండల్లో ఇదొకటి.

నేపథ్యం: ఆరు రిపబ్లిక్‌ల యుగోస్లావియాను ఒక్కతాటిపై నిలిపిన టిటో 1980లో మరణించాడు. ఆ తర్వాత ఆర్థిక సంక్షోభం ముదిరి, జాతీయవాదం పెచ్చుమీరింది. 1991 జూన్ 25న స్లొవేనియా, క్రొయేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. బోస్నియా జనాభాలో ముస్లింలు (బోస్నియాక్‌లు) సుమారు 44 శాతం, సెర్బులు 31, క్రొయాట్లు 17. 1992లో స్వాతంత్ర్యంపై జరిగిన ప్రజాభిప్రాయ సేకరణను సెర్బులలో అత్యధికులు బహిష్కరించారు. ఏప్రిల్‌లో యుద్ధం రాజుకుంది.

గమనం: సెర్బు దళాలు రాజధాని సారయేవోను 1,425 రోజులు దిగ్బంధించాయి. నీళ్ల కోసం బారులు తీరిన సామాన్యులు సైతం ఫిరంగి గుండ్లకు బలయ్యారు. 1993లో బోస్నియాక్‌లు, క్రొయాట్ల మధ్య కూడా పోరు సాగింది. ఆ పోరులోనే, ఆ ఏడాది నవంబరులో మోస్తార్‌లోని 16వ శతాబ్దపు వంతెన కూలిపోయింది. యుగోస్లావియా ప్రాంతానికి వచ్చిన ఐరాస (ఐక్యరాజ్యసమితి) శాంతి దళానికి తొలి సేనాని భారతీయుడైన లెఫ్టినెంట్ జనరల్ సతీశ్ నంబియార్. 1995 జూలైలో, ఐరాస రక్షిత ప్రాంతమైన స్రెబ్రెనిత్సాలోనే 8,000 మందికి పైగా బోస్నియాక్ పురుషులను, బాలురను సెర్బు దళాలు హతమార్చాయి. అంతర్జాతీయ న్యాయస్థానం దీన్ని జాతి నిర్మూలనగా తేల్చింది.

ముగింపు: నాటో వైమానిక దాడుల తర్వాత, అమెరికాలోని డేటన్‌లో కుదిరిన ఒప్పందంపై 1995 డిసెంబరు 14న పారిస్‌లో సంతకాలు జరిగాయి. సుమారు లక్ష మంది ప్రాణాలు కోల్పోయారు, 20 లక్షలకు పైగా నిర్వాసితులయ్యారు. సెర్బు నేతలు కరాజిచ్, మ్లాదిచ్‌లకు హేగ్‌లో యావజ్జీవ శిక్ష పడింది. మోస్తార్ వంతెనను 2004లో తిరిగి నిర్మించారు.