ఆపన్నుడగు పొరుగురాజు

పొరుగురాజు శత్రువు, వాని పొరుగువాడు మిత్రుడు అనునది కౌటిల్యుని మండలనీతి. అట్లయినచో ఆ శత్రువుపై బలవత్తరమైన పరసేన దండెత్తినపుడు మనము చేయదగిన దేమి?

దక్షిణాపథ చరిత్రమే దీనికి ప్రత్యుత్తర మొసంగుచున్నది. దేవగిరి యాదవులకును ఓరుగంటి కాకతీయులకును తరతరముల వైరము. కాకతీయ మహాదేవుడు యాదవులతోడి పోరున గూలెను. 1307లో ఢిల్లీకి లోబడిన యాదవ రామచంద్రుడు, 1309లో మాలిక్ కాఫూరు ఓరుగంటిపై నడచినపుడు ఆ సేనకు తోడ్పడెను. 1310లో ప్రతాపరుద్రుడు కప్పము గట్టెను. 1311లో ద్వారసముద్రము లొంగెను. హోయసల బల్లాళుడే కాఫూరునకు పాండ్యదేశపు త్రోవ చూపవలసివచ్చెను. నిన్న ఓడినవాడు నేడు మార్గదర్శి యయ్యెను. తోడ్పడిన దేవగిరియు మిగులలేదు. 1318 నాటికి అదియు ఢిల్లీ పాలయ్యెను. 1323లో ఓరుగల్లు పడెను.

సాయమునకు వచ్చిన సేన మరలిపోవునా యను శంక నిరాధారము కాదు. పాండ్యసోదరుల కలహమున బల్లాళుడు స్వలాభముకొఱకే చొరబడెను. కావున సాయమునకు అవధి ముందే నిర్ణయించుకొనవలయును. అంతియేకాని శంకచే ఊరకుండరాదు. మధ్యమరాజు విజృంభించినపుడు, వీడు మనల నందఱను నశింపజేయును, కూడి యెదుర్కొందమని రాజమండలమును పురికొల్పుమని ఆ కౌటిల్యుడే సప్తమాధికరణమున బోధించెను. మనవారు మొదటి సూత్రమును పట్టి రెండవదానిని విడిచిరి.

పిదప 75గురు నాయకులు కాపయనాయకుని కొలిచిరని కలువచేఱు శాసనము. ఓరుగల్లు మరల దక్కెను. సోదరులారా, ఆ యైకమత్యము కోట పడకమున్నే కుదిరియుండరాదా?