టీకా అనంతర శోషరస గ్రంథుల వాపు

టీకా వేయించుకున్న తరువాత, సూది వేసిన చేతి వైపు చంకలోను, మెడ కింది భాగంలోను ఉండే శోషరస గ్రంథులు కొంతకాలం ఉబ్బి ఉండడాన్ని టీకా అనంతర శోషరస గ్రంథుల వాపు అంటారు. ఇది వ్యాధి కాదు, చికిత్స అవసరం లేకుండా తగ్గిపోతుంది. అయితే పెట్-సీటీ, మామోగ్రఫీ, అల్ట్రాసౌండ్ వంటి పరీక్షలలో ఇది క్యాన్సర్ వ్యాపించినట్లుగా కనబడవచ్చు. కోవిడ్-19 టీకాలు కోట్ల మందికి కొద్ది నెలల వ్యవధిలో వేసిన 2021వ సంవత్సరంలో ఈ విషయం ప్రపంచమంతటా వైద్యుల దృష్టికి వచ్చింది.

కారణం

కాలికి దెబ్బ తగిలి చీము పడితే గజ్జలలో బిళ్ళ కట్టడం పల్లెలలో అందరికీ తెలిసిన సంగతే. టీకా విషయంలో జరిగేది కూడా దాదాపు ఇదే. భుజం కండరంలో వేసిన టీకాలోని పదార్థం శోషరస నాళాల ద్వారా చంకలోని గ్రంథులకు చేరుతుంది. అక్కడ తెల్ల రక్తకణాలు దానిని గుర్తించి, వేగంగా విభజన చెంది, ప్రతిరక్షకాలు తయారయ్యే ప్రక్రియను మొదలుపెడతాయి. కణాల సంఖ్య పెరిగినందువలన గ్రంథి ఉబ్బుతుంది. వాపు రానంత మాత్రాన టీకా పనిచేయలేదని అనుకోరాదు.

చిక్కు ఎక్కడ వస్తున్నదంటే, రొమ్ము నుంచి వచ్చే శోషరసంలో అధిక భాగం కూడా చంకలోని గ్రంథులకే చేరుతుంది. అందువలన రొమ్ము క్యాన్సర్ సాధారణంగా మొదట వ్యాపించే స్థలం, టీకాకు స్పందించే స్థలం ఒకటే అవుతున్నాయి.

స్కాన్‌లలో కనిపించే తీరు

పెట్ స్కాన్‌లో రోగికి ఫ్లోరిన్-18 కలిపిన గ్లూకోజు వంటి పదార్థాన్ని (ఎఫ్‌డీజీ) నరం ద్వారా ఎక్కిస్తారు. ఫ్లోరిన్-18 అర్ధాయుష్షు సుమారు 110 నిమిషాలు. చక్కెరను ఎక్కువగా వాడుకునే కణాలు ఈ పదార్థాన్ని ఎక్కువగా గ్రహించి చిత్రంలో వెలిగినట్లు కనిపిస్తాయి. క్యాన్సర్ కణాలు చక్కెరను విపరీతంగా వాడుకుంటాయి. టీకాకు స్పందిస్తున్న తెల్ల రక్తకణాలు కూడా అదే పని చేస్తాయి. యంత్రం ఈ రెంటి మధ్య తేడా చెప్పలేదు. గ్రహణశక్తిని కొలిచే ఎస్‌యూవీ అనే సంఖ్య కూడా రెండు సందర్భాలలోను ఒకే స్థాయిలో ఉండవచ్చు.

టీకా తరువాత తొలి రోజులలో భుజం కండరంలో సూది వేసిన చోటు కూడా వెలుగుతుంది. ఇది కనిపిస్తే చదివే వైద్యునికి మంచి ఆధారమే గాని, ఇది గ్రంథుల కన్నా ముందే మాయమవుతుంది. గ్రంథులలోని వెలుగు మొదటి రెండు వారాలలో ఎక్కువగా ఉండి, చాలామందిలో ఆరు వారాల లోపు తగ్గుతుంది. కొందరిలో పది వారాలు దాటినా ఉన్నట్లు నమోదైంది. అల్ట్రాసౌండ్‌లో ఇటువంటి గ్రంథులు సాధారణంగా కోడిగుడ్డు ఆకారంలో ఉండి, నడుమ కొవ్వు భాగం చెదరకుండా కనిపిస్తాయి.

మోడర్నా టీకా ప్రయోగాలలో 18-64 ఏళ్ళ వారిలో మొదటి మోతాదు తరువాత 11.6 శాతం మంది, రెండవ మోతాదు తరువాత 16 శాతం మంది చంకలో వాపు లేదా నొప్పి ఉన్నట్లు తెలిపారు. ఇది రోగులు స్వయంగా గమనించినది మాత్రమే. స్కాన్‌లో వెలిగే గ్రంథులు అంతకంటే ఎక్కువ మందిలో ఉంటాయి. నిజానికి ఈ సంగతి కొత్తదేమీ కాదు. 2009 నాటి స్వైన్ ఫ్లూ టీకాల తరువాత కూడా పెట్ స్కాన్‌లలో ఇదే కనబడింది. అయితే అప్పట్లో అది నిపుణుల పత్రికలను దాటి రాలేదు.

హైదరాబాదులో

హైదరాబాదుకు ఈ విషయంతో రెండు వైపుల నుంచీ సంబంధం ఉన్నది. 2000 జూన్ 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిన బసవతారకం ఇండో-అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి బంజారా హిల్స్‌లో ఉన్నది. దానికి దగ్గరలోనే పంజగుట్టలో నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) ఉన్నది. రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల నుంచి క్యాన్సర్ రోగులు ఈ ప్రాంతానికి వస్తారు. మరోవైపు కోవాక్సిన్‌ను తయారుచేసిన భారత్ బయోటెక్ నగర శివార్లలోని జీనోమ్ వ్యాలీలోనిదే. రష్యా టీకా స్పుత్నిక్-వి ని దేశానికి తెచ్చిన డాక్టర్ రెడ్డీస్ ప్రధాన కార్యాలయం బంజారా హిల్స్‌లోనే ఉన్నది. ఆ టీకా తొలి మోతాదు 2021 మే 14న హైదరాబాదులోనే వేశారు. కోవాక్సిన్‌లో పటికతో పాటు ఇమిడజోక్వినోలిన్ తరగతికి చెందిన సహాయక పదార్థం ఉంటుంది. శోషరస గ్రంథులలో ప్రతిస్పందనను పెంచడమే దాని ఉద్దేశం.

భారతదేశంలో కోవిడ్ టీకాలు 2021 జనవరి 16న మొదలైనాయి. అదే నెలలో అమెరికాలోని రొమ్ము చిత్రణ నిపుణుల సంఘం, లక్షణాలు లేనివారు మామోగ్రఫీని మొదటి మోతాదుకు ముందైనా, రెండవ మోతాదు తరువాత 4-6 వారాలకైనా చేయించుకొనవచ్చునని సూచించింది. మూడు నాలుగు వారాల తేడాతో రెండు మోతాదులు పూర్తయ్యే అమెరికాకు అది సరిపోయింది. ఇక్కడ 2021 మే 13న కోవిషీల్డ్ మోతాదుల మధ్య వ్యవధిని 12-16 వారాలకు పెంచారు. ఆ లెక్కన మొదటి మోతాదు తీసుకున్న స్త్రీ 16 నుంచి 22 వారాలు ఆగవలసి వచ్చేది. ఆ విదేశీ సూచనను యథాతథంగా పాటించడం ఇక్కడ కష్టమయ్యేది. పైగా ఇక్కడ మామోగ్రఫీకి వచ్చేవారిలో చాలామంది గడ్డ చేతికి తగిలిన తరువాతనే వస్తారు. అటువంటివారు ఒక్క వారం కూడా ఆగరాదు. అమెరికా సంఘం కూడా 2022లో తన సూచనను మార్చుకొని, టీకా కోసం మామోగ్రఫీని వాయిదా వేయనక్కరలేదని తెలిపింది.

పొరపాటు వలన నష్టం

పొరపాటు రెండు విధాలుగా జరగవచ్చు. వెలిగిన గ్రంథిని క్యాన్సర్ అనుకుంటే వ్యాధి దశను ఎక్కువగా లెక్కకట్టి, అనవసరమైన బయాప్సీ లేదా చికిత్స చేస్తారు. నిజమైన వ్యాప్తిని టీకా ప్రభావమని తోసిపుచ్చితే చికిత్స ఆలస్యమవుతుంది. రెండవదే ఎక్కువ ప్రమాదకరం. లింఫోమా రోగులలో ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే వారి వ్యాధి ఉండేదే శోషరస గ్రంథులలో.

మన దేశంలో మూడవ అవకాశం కూడా ఉన్నది. క్షయవ్యాధి చంకలోని గ్రంథులకు సోకినా అవి ఇదే విధంగా వెలుగుతాయి. పుట్టినప్పుడు ఎడమ చేతికి వేసే బీసీజీ టీకా వలన కూడా కొందరు శిశువులకు ఎడమ చంకలో బిళ్ళలు కడతాయి.

జాగ్రత్తలు

స్కాన్‌కు ముందు టీకా పేరు, తేదీ, ఏ చేతికి వేశారన్నది తెలపాలి. ఇందులో మూడవదే తరచుగా దొరకదు. కోవిన్ ధ్రువపత్రంలో టీకా పేరు, తేదీ ఉండేవి గాని ఏ చేయో ఉండేది కాదు. స్కాన్ చదివే వైద్యుడు చాలాసార్లు రోగిని చూడడు కూడా, కనుక రోగి గాని, వెంట వచ్చినవారు గాని అడగకపోయినా చెప్పవలసిందే. ఒక వైపు రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి, గతంలో ఉండి తగ్గినవారికి రెండవ వైపు చేతికి టీకా వేస్తారు. రెండు వైపులా వ్యాధి ఉన్నవారికి తొడకు వేయవచ్చు.

అత్యవసరం కాని పెట్ స్కాన్‌ను కొన్ని వారాలు ఆపవచ్చునా అన్నది చికిత్స చేసే వైద్యుడే నిర్ణయించాలి. స్కాన్ కోసం టీకాను, టీకా కోసం అత్యవసర స్కాన్‌ను మానుకొనరాదు. అనుమానం మిగిలితే కొన్ని వారాల తరువాత అల్ట్రాసౌండ్ చేసి చూస్తారు. అప్పటికీ గ్రంథి తగ్గకపోతే సూదితో కణాలను తీసి పరీక్షిస్తారు.