సెలవులకు ఏ రాష్ట్రం పోదాం?

పిల్లల పరీక్షలు అయిపోయిన రోజు రాత్రి మా ఇంట్లో ఏటా ఒక పంచాయితీ జరుగుతుంది. అన్నాలు తిని, కంచాలు తీసేలోపే మొదలవుతుంది. పెద్దది ఊటీ అంటుంది. చిన్నోడు గోవా అంటాడు. మా ఆయన అందరి మాటా విని చివరికి, "ఎందుకొచ్చిన ఖర్చు, తిరుమలకు పోయొద్దాం" అంటారు. నేను కాగితం తీసుకుని చార్జీలు, రూము అద్దెలు లెక్కేస్తుంటాను. మా అత్త మాత్రం గోడకానుకుని కూర్చుని, "యాడికైనా పోండి, నేను ఇల్లు చూసుకుంటా" అంటుంది. మీ ఇళ్ళలోనూ ఇంచుమించు ఇంతే కదా?

నేను పుట్టింది కుప్పం, మెట్టింది పుంగనూరు, పిల్లల చదువుల కోసం కాపురం పెట్టింది మదనపల్లె. మూడూ పాత చిత్తూరు జిల్లా ఊళ్ళే. ఈ మూలన ఉన్నవాళ్ళకు పక్క రాష్ట్రం అంటే పరదేశం కాదు. మదనపల్లెలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి బెంగళూరులో ఉంటాం. కుప్పంలో ఒకవైపు పోతే తమిళనాడు, ఇంకోవైపు పోతే కర్ణాటక. అందుకే ఈసారి కాగితం మీద లెక్కలేస్తూ నాకొక ఆలోచన వచ్చింది. ఊరు దాటాలంటే మన అవ్వలు, వాళ్ళ అవ్వలు ఏ ఊరిని ఎంచుకునేవాళ్ళు? అసలు ఎంచుకునేది ఎవరు?

తెలుగులో తొలి యాత్రాగ్రంథాల్లో పేరున్నది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. పదిహేను నెలల పైమాటే. రైళ్ళు లేని కాలం. పల్లకీలు, బోయీలు, గుడారాలు, పెద్ద పరివారం. రోజూ ఎక్కడ మజిలీ చేశారో, నీళ్ళు ఎలా ఉన్నాయో, సరుకులు దొరికాయో లేదో రాసిపెట్టారు. ఆ పుస్తకం గురించి చదువుతుంటే నాకు ఆ గుడారాల వెనక పొయ్యి దగ్గరున్న ఆడవాళ్ళు గుర్తొచ్చారు. పదిహేను నెలలు రోజుకొక ఊళ్ళో వంట! అప్పట్లో అలా దూరం పోవాలంటే కారణం పుణ్యం ఒక్కటే. చూడ్డానికి పోవడం అనే మాటే లేదు.

చూడ్డానికి, చల్లగా ఉండడానికి పోయేవాళ్ళు దొరలు. ఎండలు ముదిరితే మద్రాసు ప్రభుత్వమే కాగితాలతో సహా ఊటీకి తరలిపోయేది. మా మదనపల్లె పక్కనున్న హార్స్‌లీ కొండ కథా అదే. నాలుగు వేల అడుగులకు పైగా ఎత్తు. కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్‌లీ 1870కి అటూ ఇటూగా అక్కడ ఇల్లు కట్టించుకున్నాడు. అప్పటినుంచి కొండకు ఆయన పేరే స్థిరపడింది. అంతకుముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఆ కొండ మీద మల్లమ్మ అనే ఆడమనిషిని ఏనుగులు సాకాయని మావైపు చెప్పుకుంటారు. మల్లమ్మ గుడి ఇప్పటికీ ఉంది. దొరకు వేసవి విడిది అయిన చోటు మా పల్లెల ఆడవాళ్ళకు మొక్కు చెల్లించే చోటు. కొండ ఒకటే, పోయే కారణాలే వేరు.

ఇంకో కారణం జబ్బు. ఇక్కడి గాలి మంచిదని 1910ల్లో మదనపల్లె దగ్గర క్షయరోగుల కోసం ఆస్పత్రి కట్టారు. అదే ఆరోగ్యవరం. మందుల్లేని ఆ రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతే వైద్యం కాబట్టి ఎక్కడెక్కడినుంచో రోగులు వచ్చేవాళ్ళు. మావాళ్ళేమో ప్రాణం మీదికొస్తే రాయవేలూరు పోయేవాళ్ళు. అక్కడ ఐడా స్కడర్ అనే డాక్టరమ్మ 1900లో ఒకే ఒక్క మంచంతో ఆస్పత్రి మొదలుపెట్టింది. ఒకే రాత్రి కాన్పు కష్టమైన ముగ్గురు ఆడవాళ్ళు, మగ డాక్టరు తాకకూడదన్న కట్టుబాటు వల్ల చనిపోవడం చూసి ఆమె డాక్టరు చదివిందంటారు. మా అమ్మ తరం ఆడవాళ్ళను "మీరు చూసిన పక్క రాష్ట్రం ఊరేది?" అని అడిగితే చాలామంది చెప్పేది రాయవేలూరే. చూసింది కోట కాదు, ఆస్పత్రి వరండా.

పక్క రాష్ట్రం అన్నాను గానీ, ఆ గీతలు కూడా నిన్న మొన్నటివే. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పుట్టకముందు మదనపల్లె కడప జిల్లాలో, పుంగనూరు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. అప్పుడు రాయవేలూరూ మనదే, మద్రాసూ మనదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. తిరుత్తణి అప్పుడు మన చిత్తూరు జిల్లాలోనే ఉంది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సర్ది తిరుత్తణిని మద్రాసు రాష్ట్రానికిచ్చి, సత్యవేడు వైపు ఊళ్ళు మనం తీసుకున్నాం. మా అవ్వ ఏటా ఆడికృత్తికకు తిరుత్తణికి కావడి మోసేది. ఒక ఏడు జిల్లాలో ఉన్న గుడి మరో ఏడుకు వేరే రాష్ట్రంలోకి పోయింది. ఆమెకు ఆ సంగతి తెలుసో లేదో కూడా నాకు అనుమానమే. అదే దారి, అదే మూట, అదే మురుగన్.

మన ఊరిని మనమే సరిగ్గా చూడమన్నది ఇంకో సంగతి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చి దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్ళున్నారు. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాట బాణీకి స్వరాలు రాసిపెట్టింది. 1927లో అఖిల భారత మహిళా సభ మొదలవడానికి ముఖ్య కారకురాలూ ఆమే. నేను ఆ కాలేజీ ముందు నుంచి కూరగాయలకు పోయి వస్తూ పదేళ్ళు గడిపాను. పిల్లలకు ఒక్కసారి కూడా చూపించలేదు.

ఇవన్నీ ఆ రాత్రి పిల్లలకు చెప్తుంటే, గోడకానుకున్న మా అత్త ఉన్నట్టుండి, "నేను పుట్టింది మారికుప్పంలో" అనింది.

పెళ్ళయి వచ్చి పద్నాలుగేళ్ళయినా నాకు తెలియదు. అత్త పుట్టిల్లు గుడుపల్లె దగ్గర పల్లె అనే తెలుసు. అది వాళ్ళ నాయన సొంతూరట. వానల్లేక, బతుకుదెరువుకు కోలారు బంగారు గనుల్లో కూలికి పోయి, అక్కడే కాపురం పెట్టాడు. అత్త పుట్టి పెరిగింది గని లైన్లలో. పెళ్ళయి పుంగనూరు వచ్చింది. నాయన పోయాక వాళ్ళమ్మ పల్లెకు తిరిగొచ్చేసింది. మళ్ళీ అక్కడికి పోవడానికి పని పడలేదు. "ఇన్నేళ్ళూ చెప్పలేదేం అత్తా?" అంటే, "ఎవురడిగినారు?" అనింది. కోపంగా కాదు, మామూలుగానే.

కేజీఎఫ్ అనగానే పిల్లలు ఎగిరి గంతేశారు. సినిమా చూసినవాళ్ళు కదా! "అవ్వా, నువ్వు కేజీఎఫ్‌లో పుట్టినావా?" అని చిన్నోడు అవ్వను కొత్తగా చూశాడు. ఊటీ, గోవా ఆ రాత్రికి పక్కకుపోయాయి.

కుప్పంలో మా అమ్మ ఇంట్లో ఒక రాత్రి ఉండి, పొద్దున్నే రైలెక్కాం. ఆ లైను సంగతి చెప్పాలి. జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు 1864లోనే వేశారు. తమిళనాడులో పచ్చూరు దాటగానే మన మల్లానూరు, కుప్పం, గుడుపల్లె, బిసానత్తం వస్తాయి. ఆ తర్వాత కామసముద్రం నుంచి కర్ణాటక. పులిహోర పొట్లం విప్పి తినేలోపు రాష్ట్రం మారిపోతుంది. స్టేషను బోర్డుల మీద అక్షరాలు మారడం పిల్లలు లెక్కపెట్టుకున్నారు. బంగారుపేటలో దిగి మారికుప్పం రైలెక్కాం. ఆ చిన్న లైను 1894 నాటిది, గనుల కోసమే వేసింది.

ఒకప్పుడు ఆ గనులు మైసూరు రాజ్యంలో ఉండేవి, నడిపింది ఇంగ్లీషు కంపెనీ, దిగి తవ్వింది ఎక్కువగా తమిళ, తెలుగు పల్లెలవాళ్ళు. బెంగళూరుకు దీపాలు రాకముందే, 1902లోనే శివనసముద్రం నుంచి ఇక్కడికి కరెంటు తెచ్చారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. బంగారం తగ్గి, ఖర్చు పెరిగి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. ఇప్పుడు కనబడేవి తుప్పు పట్టిన ఇనుప కట్టడాలు, సయనైడు వాడి బంగారం తీసేశాక మిగిలిన మట్టి గుట్టలు, వరసగా చిన్న చిన్న ఇళ్ళు.

అత్త ఇల్లు దొరకలేదు. లైను దొరికింది, ఏ ఇల్లో తేల్చుకోలేకపోయింది. ఒక ఇంటి గడప మీద బియ్యం ఏరుకుంటున్న పెద్దావిడతో తమిళంలో మాట కలిపింది. నేను నోరు తెరుచుకుని చూశాను. పుంగనూరులో అత్త నోట ఒక్క తమిళ ముక్క వినలేదు. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని అరగంట కూర్చున్నారు. తర్వాత అత్త మాకు చెప్పింది. భూమి లోపల రాయి పేలినప్పుడు పైన ఇళ్ళలో గిన్నెలు కదిలేవట. అప్పుడు ఆడవాళ్ళంతా పొయ్యి మీది కుండ అలాగే వదిలేసి గని దగ్గరికి పరిగెత్తేవాళ్ళట. "మా నాయన పైకొచ్చేదాకా మాయమ్మ నా చెయ్యి వదిలేది కాదు. ఇదో, ఇట్లా పట్టుకునేది" అని చిన్నోడి మణికట్టు గట్టిగా పట్టుకుని చూపించింది. వాడు కదల్లేదు. సినిమా గురించి మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రం రైల్లో అత్త పెద్దదాన్ని పిలిచి, "ఊటీ ఎంత దూరం?" అని అడిగింది. "వచ్చే ఏడు నేనూ వస్తా. ఇల్లు ఎత్తుకుపోరులే."

ఇంటికొచ్చాక ఖర్చు లెక్కేశాను. ఐదుగురికి రెండు రోజులు, గోవా రూముకు ఒక్క రాత్రికి అయ్యేంత కూడా కాలేదు. అందుకని గోవా వద్దని నేననను. చిన్నోడి వంతు వస్తుంది, పోతాం. మా ఇంట్లో ఇప్పుడు వంతులు పెట్టుకున్నాం. ఏటా ఒకరు ఊరు చెప్పాలి, మిగతావాళ్ళు సణగకుండా పోవాలి. పెద్దవాళ్ళతో మొదలు. నా వంతు ఎప్పుడొస్తుందో, ఏ ఊరు చెప్పాలో ఆలోచిస్తే ఇంకా తేలలేదు. ఇన్నాళ్ళూ ఖర్చులు లెక్కేశానే గానీ నాకేం కావాలో అనుకోలేదు మరి!

మీ ఇంట్లో కూడా "నేను ఇల్లు చూసుకుంటా" అనే మనిషి ఒకరు ఉండే ఉంటారు. అత్తో, అమ్మో, అవ్వో. ఈసారి సెలవులకు టికెట్లు తీసే ముందు ఆమెను అడగండి. ఒకసారి అడిగితే "నాకేం వద్దు" అంటారు. రెండోసారి అడగండి.