అంటించని కవరు

మంట కొంచెం ఎగదొయ్యరా అబ్బాయ్. ఆ కొబ్బరి మట్ట ఇంకా పచ్చిదే, పొగ తప్ప ఏమీ రాదు. డొక్కలెయ్యి. ఆఁ, ఇప్పుడు దగ్గరికి జరగండి.

గ్రీటింగు కార్డుల సంగతి అడిగావు కదే అమ్మడూ. చేత్తో చేసుకురమ్మని మీ టీచరుగారంటే నువ్వు కొట్టుకెళ్ళి మెరుపు కాగితాలూ, వెనకాల జిగురున్న పువ్వులూ కొనుక్కొచ్చావు. కొన్నదాని మీద కొన్నది అంటిస్తే చేసినట్టెలా అవుద్దో నాకైతే తెలీదు. సరే, నీ ఇష్టం. మా రోజుల్లో నీ ఈడు పిల్లలు, పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళు, ఏం చేసేవాళ్ళో నాకు తెలిసినంతగా ఈ గోదారి లంకలో ఇంకెవరికీ తెలీదు. వాళ్ళ కార్డులన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళాయి మరి.

ఇప్పుడు మీ నాన్న మోటారు సైకిలు పెట్టే వీధరుగే అప్పుడు పోస్టాఫీసు. బ్రాంచి పోస్టుమాస్టరంటే పెద్ద ఉద్యోగమేం కాదు. మమ్మల్ని ఈడీ వాళ్ళనేవారు, అంటే డిపార్టుమెంటుకి అవతలి వాళ్ళమన్నమాట. జీతం కాదు, అలవెన్సు. ఓ బల్ల, చిన్న తూకం, ఇంకు దిండు, తేదీ ముద్ర, తాళం పెట్టె. అంతే. టపా సంచి సైకిలు మీద రేవు దాకా వచ్చి, పడవెక్కి, మళ్ళీ సైకిలెక్కి మనూరొచ్చేది. ఏడాదంతా అందులో మనియార్డర్లు, కార్డు ముక్కలు, కువైట్ నుంచీ మస్కట్ నుంచీ వచ్చే కవర్లు. డిసెంబరు 20 దాటిందా, సంచి ఒక్కసారిగా లావెక్కేది. క్రిస్మసు, కొత్త సంవత్సరం, సంక్రాంతి, మూడూ వరసాగ్గా వస్తాయి కదా. ఆ మూడు వారాలూ నేను పిల్లల పోస్టుమాస్టర్ని.

కార్డు ముక్క 15 పైసలుండేది. అంటించిన కవరుకి అంతకి చాలా ఎక్కువే పెట్టాలి. పిల్లల దగ్గర అన్ని డబ్బులెక్కడివి? అందుకని అందరూ బుక్ పోస్టే. పుస్తకాలూ అచ్చు కాగితాలూ తక్కువ టిక్కెట్టుకి పంపే పద్ధతి అది. కవరు అంటించకూడదు, మూత లోపలికి మడిచి వదిలెయ్యాలి, పైన బుక్ పోస్ట్ అని రాయాలి. మేం ఎప్పుడైనా తీసి చూడొచ్చు. లోపల శుభాకాంక్షలు, సంతకం తప్ప కబుర్లు రాయకూడదు. రాశారని తేలితే అది మామూలు ఉత్తరం కిందికొచ్చి నాట్ పెయిడ్ పడేది. తక్కువైన డబ్బులకి రెట్టింపు అవతలివాళ్ళు కట్టుకోవాలి. పండగపూట స్నేహితురాలి నాన్న చేత డబ్బులు కట్టిస్తే ఇంకేమన్నా ఉందా!

కవరు అంటించకపోతే ఏమవుద్ది? నేను చూస్తాను, పోస్టుమాన్ చూస్తాడు, ఇంటికి చేరాక తండ్రి చూస్తాడు, మేనత్త చూస్తుంది, పక్కింటావిడ కూడా చూస్తుంది. ఆ సంగతి పిల్లలకి తెలుసు. అందుకే మనసులోది రాతలో పెట్టేవాళ్ళు కాదు, బొమ్మలోకి ఎక్కించేవాళ్ళు. అప్పటి పిల్లల బొమ్మల్లో అంత పనితనం ఉండటానికి సగం కారణం తపాలా రూలేనంటాను నేను. మిగతా సగం మా డ్రాయింగు మేస్టారు.

ఒకటి చెబుతాను వినండి. మన లంకకి కొత్త కోడలొచ్చింది, పదో తరగతి అవ్వగానే పెళ్ళి చేసేశారు. ఆ జనవరిలో ఆ అమ్మాయికో కార్డొచ్చింది. పోస్టుమాన్‌కి జ్వరమొస్తే నేనే పట్టుకెళ్ళాను. అత్తగారు అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. ‘ఏముందో చదవ్వే’ అంది. అమ్మాయి చదివింది, ‘నూతన సంవత్సర శుభాకాంక్షలు’ అని. కింద ముగ్గురు ఆడపిల్లల పేర్లు. అంతే రాత. బొమ్మ మాత్రం తొక్కుడు బిళ్ళ గళ్ళు. ముగ్గురు పిల్లలు పక్కన నుంచున్నారు, బిళ్ళ ఒక గడిలో ఉంది, ఆ గడిలో ఎవరూ లేరు. అత్తగారు తొంగి చూసి ‘ఏంటవి, ముగ్గా?’ అంది. ‘అవునత్తయ్యా, ముగ్గే’ అంది పిల్ల. నేను సైకిలు స్టాండు తీసి వచ్చేశాను.

ఇక మగపిల్లల తెలివితేటలు వేరే. ఒకడు ఆడపేరు పెట్టి సంతకం చేసేవాడు. పోస్టులో వెయ్యడానికి మాత్రం తనే వచ్చేవాడు, చెవులు ఎర్రగా చేసుకుని. పక్క ఊరి అమ్మాయికి. ‘ర’ కింద తోక లాగే అలవాటు వాడొక్కడికే ఉంది, నేను గుర్తు పట్టనా? తండ్రితో చెప్పాలి కదా అంటుంది మీ నాయనమ్మ ఇప్పటికీ. ఎందుకు చెప్పాలి? టిక్కెట్టు అంటించి ఇచ్చాక అది సర్కారు సొత్తు, పైన ఎవరి పేరుంటే వాళ్ళకి చేర్చడమే మన పని. వాళ్ళకి పెళ్ళయిందా అని అడక్కండి. కాలేదు. ఆ అమ్మాయి భీమవరం కోడలైంది, వాడు మస్కట్ వెళ్ళాడు.

చెయ్యడం ఎలాగంటావా. మొదట అట్ట కావాలి. రాజమండ్రిలో కాగితం మిల్లున్నా మన లంకలో డ్రాయింగు షీటు దొరికేది కాదు, రాజోలో పాలకొల్లో ఎవరన్నా వెళ్తే తేవాలి. ఒక షీటు నలుగురు కలిసి కొనుక్కుని కోసుకునేవాళ్ళు. అదీ లేకపోతే పాత శుభలేఖ. పసుపు బొట్టున్న మూల కత్తిరించి, అచ్చు లేని వైపు వాడుకునేవాళ్ళు. జిగురుకి తుమ్మబంక, లేకపోతే మైదా ఉడకబెట్టి చిటికెడు మైలుతుత్తం కలిపేవాళ్ళు. అది వెయ్యకపోతే పురుగు కొట్టేస్తుంది.

అందరూ చేసేది చిమ్మే బొమ్మ. అట్ట మీద కరివేపాకు రెమ్మో, సరుగుడు పుల్లో పెట్టి, బ్రష్షు సిరాలో ముంచి దువ్వెన పళ్ళ మీద గీస్తే తుంపర పడుద్ది. రెమ్మ తీసేస్తే దాని ఆకారం తెల్లగా మిగులుద్ది. వేపపుల్లా కచ్చికా వాడే ఊళ్ళో టూత్‌బ్రష్షులెక్కడివి? హెడ్మాస్టరుగారి పాత బ్రష్షు ఒకటి పదో తరగతంతా తిరిగేది. దారం బొమ్మ ఇంకోటి. సిరాలో ముంచిన దారాన్ని మడిచిన కాగితం మధ్య మెలికలుగా పెట్టి, పైన అరచేత్తో నొక్కి, కొస పట్టుకుని లాగెయ్యడమే. విప్పితే అటూ ఇటూ ఒకేలాంటి పువ్వు. బెండకాయ అడ్డంగా కోసి రంగులో అద్దితే అయిదు రేకులు. నటరాజ్ పెన్సిలు చెక్కితే వచ్చే పొట్టు ఉంది చూశావూ, అంచున ఎరుపూ నలుపూ ఉంటుంది, దాన్ని గుండ్రంగా అంటిస్తే సీతాకోకచిలక రెక్క.

వీటన్నిటికంటే గొప్పది రావి ఆకు కార్డు. ముదురాకు తెచ్చి కుండలో నానబెట్టాలి. కంపు కొడుద్ది, ఇంట్లోవాళ్ళు తిడతారు, అయినా వారాల తరబడి ఉంచాలి, మధ్యమధ్య నీళ్ళు మార్చాలి. పచ్చదనమంతా కుళ్ళి ఊడిపోయాక మెత్తటి బ్రష్షుతో మెల్లిగా తోమితే ఈనెలు మాత్రం దోమతెరలాగ మిగులుతాయి. పుస్తకంలో ఆరబెట్టి దాని మీద బొమ్మ వెయ్యాలి. అంత కష్టపడి చేసినదాన్ని టిక్కెట్టు కిందే పెట్టేవాళ్ళు! టిక్కెట్టు మీద నేను ముద్ర కొట్టకుండా పంపకూడదు, కొడితే కింద ఆకు పిండైపోద్ది. కుడివైపు పై మూల ఏమీ అంటించొద్దని ప్రతి ఏడాదీ అరుగు మీద పాఠం చెప్పేవాణ్ణి.

బొమ్మలకి గురువు మాత్రం బాపుగారే. ఆయన మన నరసాపురంలో పుట్టారు, 1933లో. ఆయన జంట ముళ్ళపూడి వెంకటరమణగారిది ధవళేశ్వరం. పిల్లలకి అది సొంత చుట్టరికం కింద లెక్క. తెల్లకాగితానికి కొబ్బరినూనె రాస్తే అవతలిది కనబడుద్ది, దాన్ని వారపత్రిక మీద పెట్టి వాలుజడ అమ్మాయిని ఎత్తేసేవాళ్ళు. మన గ్రంథాలయంలో బాపు బొమ్మ ఉన్న పేజీకల్లా నూనె మరకే. ‘శుభాకాంక్షలు’ అని రాయడం కూడా ఆయన చేతిరాతలోనే. ఇప్పుడది కంప్యూటర్లో నొక్కితే వస్తుందిట. అప్పటి పిల్లలకి అరసున్నా అంత ఒంపు కుదరడానికి సంక్రాంతి దాకా పట్టేది. వడ్డాది పాపయ్యగారి రంగులు ఎత్తబోయిన వాళ్ళూ ఉన్నారు కానీ ఆ నీలం ఎవరికి వస్తుంది!

మా డ్రాయింగు మేస్టారు పిల్లల్ని రాజమండ్రి తీసుకెళ్ళి దామెర్ల రామారావుగారి బొమ్మలు చూపించారోసారి. 1925లో పోయాడాయన, ముప్ఫై ఏళ్ళన్నా నిండలేదు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే దొర ఆ కుర్రాడి చెయ్యి చూసి ముందుకి తోశాడు. మీలాంటి వయసులోనే పట్టుకోవాలి, అందుకని చెబుతున్నా. ఆ ఏడాది కార్డుల్లో సినిమా తారలు తగ్గి, తలలో పువ్వులు ముడుచుకునే ఆడవాళ్ళు ఎక్కువయ్యారు.

ఆడపిల్లల కార్డులకి లేసు అంచుండేది. ఇంటింటా అల్లేవారు కదా. దొరసానులు వందేళ్ళకి పైగా కిందట నేర్పి వెళ్ళిన పని, సరుకు విదేశాలకి పోయేది, అల్లిన చేతికి దక్కేది మాత్రం చిల్లర. జర్మనీ నుంచి మరియా మీస్ అనే ఆవిడొచ్చి నరసాపురం లేసు ఆడవాళ్ళ మీద పుస్తకమే రాసింది, 1982లో అచ్చయింది. ఆ అల్లకంలో మిగిలిన మూర దారంతో తల్లికి తెలీకుండా కార్డు చుట్టూ గొలుసు అల్లేవాళ్ళు పిల్లలు. క్రిస్మసు కార్డైతే చిన్న నక్షత్రం కూడా.

1986 ఆగస్టు వరద చూసిన వాళ్ళెవరూ మర్చిపోరు. భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటింది, ధవళేశ్వరం బ్యారేజీ మీద 35 లక్షల క్యూసెక్కులు. లంకలన్నీ మునిగాయి. నా బల్లా, తూకం, ముద్రా నెత్తిన పెట్టుకుని పడవెక్కాను. పిల్లల పుస్తకాలు, రంగుల బిళ్ళలు అన్నీ గోదారి పాలు. ఈసారి కార్డులుండవనుకున్నాను. డిసెంబరొచ్చేసరికి మళ్ళీ క్యూ కట్టారు, సిమెంటు బస్తా కాగితం లోపలి పొర చింపుకుని! ఒకమ్మాయి, వరదలో తమకి చోటిచ్చిన పాలకొల్లు వాళ్ళింటి పిల్లకి పంపింది. ఒకే ఒక కొబ్బరిచెట్టు. మానుకి సగం పైన నీలం సిరాతో అడ్డంగా గీత. మట్టలకి కాయలు గెలలు గెలలుగా వేసింది. రాత లేదు. సంతకం చెయ్యడం మర్చిపోయావే అంటే, ‘తెలుస్తుందండీ దానికి’ అంది.

తరవాత సంగతి మీకు తెలిసిందే. కొట్లలో మెరుపు కార్డులు, విప్పితే పాట పాడేవి వచ్చాయి. ఎస్టీడీ బూత్ వచ్చింది. సెల్‌ఫోన్లొచ్చాక కొత్త సంవత్సరం రోజు మెసేజీకి కంపెనీలు మామూలు రోజుకంటే ఎక్కువ గుంజేవి, అదొక్కటే మా బుక్ పోస్టుకి తిరగబడ్డ రూలు. ఇప్పుడు మీకు ఎవరూ చూడకుండా ఎంతైనా రాసుకోవచ్చు. రాసేది ఏముందో మరి, పొద్దస్తమానం అరచేతిలోకి చూసి నవ్వుకుంటారు. నేనేం తప్పు పట్టడం లేదు. తొక్కుడు బిళ్ళ బొమ్మేసిన పిల్లలకి ఫోనుంటే రాత్రంతా మాట్లాడుకునేవాళ్ళే, ఆ కొత్త కోడలికి అదే మంచిదయ్యేది కూడా.

ఇంకా కార్డు చెయ్యాలనే ఉందా? అయితే ఆ మెరుపు కాగితం తమ్ముడికిచ్చెయ్. వెనక దొడ్లో పాత కుండ ఉంది, రేపు స్కూలుకెళ్ళే ముందు గుడి దగ్గర రావి ఆకులు ఓ పది కోసుకొచ్చి పడేద్దాం. సంక్రాంతికి అందవు. ఉగాదికి అందుతాయి. మీ నాయనమ్మ కంపని అరుస్తుంది, నా పేరు చెప్పు.