ఆవగింజంత గొట్టం

పిల్లల కర్ణభేరిలో అమర్చే గ్రోమెట్ అనే గొట్టం ఆవగింజకంటే కాస్త పెద్దది, అంతే. మధ్యనున్న రంధ్రం సుమారు 1 మిల్లీమీటరు. ఎండిన నెత్తురు చుక్కో, చిక్కటి జిగురో చాలు అది పూడుకుపోవడానికి.

ఈ బెడద గొట్టమంత పాతది. 1801లో లండన్ వైద్యుడు ఆస్ట్లీ కూపర్ కర్ణభేరికి చిల్లుపెట్టి వినికిడి తెప్పించిన సంగతి ప్రకటించాడు. కానీ చిల్లు నిలిచేది కాదు. 1860లలో వియన్నాలో ఆడమ్ పోలిట్జర్ అందులో గట్టి రబ్బరు గొట్టం అమర్చాడు. ఆనాటి గొట్టాలు మూసుకుపోయేవి, ఊడిపడేవి. దాంతో ఆ ఆలోచన దశాబ్దాలపాటు మూలనపడింది. 1954లో అమెరికాలో బెవర్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ వినైల్ గొట్టంతో దానికి మళ్లీ ప్రాణం పోశాడు. ప్లాస్టిక్ వచ్చింది గానీ, పూడిక పోలేదు.

నేను చెవి వైద్యం నేర్చుకునే రోజుల్లో పూడిందంటే మత్తిచ్చి మార్చడమే. చుక్కలతో కరిగిద్దామంటే, జెంటామైసిన్ లాంటి పాత చుక్కలు గొట్టం గుండా దిగి లోచెవిని దెబ్బతీస్తాయని భయం. ఆ భయం లేని క్వినలోన్ చుక్కలు 1990ల చివర్లో వచ్చాక మాకు ధైర్యం చిక్కింది.

"మళ్లీ ఆపరేషనా డాక్టరుగారూ?" అని ఓ తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె నాలుగేళ్ల బాబు గొట్టం పూడుకుపోయింది. సీసా గుప్పిట్లో వెచ్చబెట్టి, వాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టి చుక్కలు వేయడం, చెవి రంధ్రం ముందున్న చిన్న మృదులాస్థి మిట్టను నాలుగైదుసార్లు నొక్కడం చూపించాను. వేడినూనె మాత్రం పోయొద్దని మరీమరీ చెప్పాను. పూడిక అన్నిసార్లూ కరగదు. వాడికి వారంలో మెత్తబడింది. సన్నని సక్షన్‌కు గోధుమరంగు బిరడా ఊడొచ్చింది. వాడు తలెత్తి ఫ్యాను వైపు చూశాడు.